పుట్ట తేనెటీగల పట్టును పెట్టెలోకి మార్చడం ఎలా?

పెరట్లో పెట్టె పెట్టిన వారానికే ఈగలు లేచిపోయాయని వాపోయేవాళ్లు ఎక్కువైపోయారు. దిష్టి తగిలిందంటారు, పక్కింటివాళ్లు మందు కొట్టారంటారు, పెట్టె అమ్మినవాడు మోసం చేశాడంటారు. చాలాసార్లు అసలు తప్పు మొదటి సాయంత్రమే జరిగి ఉంటుంది. పట్టును గోడలోంచో చెట్టు తొర్రలోంచో పెట్టెలోకి మార్చేటప్పుడు చేసిన హడావుడి అది. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి ఆ ఒక్క పని దగ్గర ఆగుతాను.

ముందు ఏ ఈగలో తేల్చుకోండి. కూరగాయల పెరటికి మన పుట్ట తేనెటీగలే. ఇటాలియన్ ఈగలు తేనె ఎక్కువ ఇస్తాయి, నిజమే. కానీ పూత ఎక్కడుంటే అక్కడికి లారీలో పెట్టెలు తిప్పగలిగినవాళ్లకే అవి లాభం. పైగా వరోవా పురుగు వాటిని పీల్చి పిప్పిచేస్తుంది. ఆ పురుగు పుట్టిందే మన ఆసియా ఈగల మీద. అందుకే ఇవి దాన్ని ఒంటి మీంచి దులుపుకోవడం ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇక ఎత్తయిన చెట్ల కొమ్మలకూ, వాటర్ ట్యాంకుల కిందా వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. దాని జోలికి వెళ్లకండి. అవి పెట్టెలో ఉండవు, కోపం వస్తే ప్రాణాలు తీస్తాయి.

సామాను పెద్దగా ఏమీ లేదు. ఏడు ఫ్రేముల న్యూటన్ పెట్టె, ముఖానికి వల, పొగడబ్బా, పదునైన చాకు, తడిపిన అరటి నార, ఒక మూత ఉన్న గిన్నె, రాణి గేటు (కూలి ఈగలు దూరగలిగి, రాణి మాత్రం దూరలేని సన్న సందుల జాలీ). 1911-17 మధ్య దక్షిణాదిలో పల్లెజనానికి ఈ విద్య నేర్పిన ఫాదర్ న్యూటన్ పేరే ఆ పెట్టెకు పెట్టారు. మన ఈగల ఒడ్డూ పొడుగూ చూసి చేసిన పెట్టె అది. ఇటాలియన్ ఈగల పెద్ద పెట్టె చవగ్గా వచ్చిందని కొనొద్దు. వాడిన పెట్టె అసలే వద్దు. 1991-92లో ఈగల పిల్లలను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో పట్లకు పట్లు తుడిచిపెట్టుకుపోయాయి. దానికి ఈ రోజుకీ మందు లేదు. పాత ఫ్రేములతో పాటు ఇంకేం తెచ్చుకుంటున్నామో కంటికి కనిపించదు.

పెట్టెను ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోట స్టాండు మీద పెట్టండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు తప్పనిసరి, లేకపోతే చీమలు మీకన్నా ముందే తేనె తీసేస్తాయి. ఈగలు తాగడానికి గులకరాళ్లు వేసిన పళ్లెంలో వేరేగా నీళ్లు పెట్టండి.

ఇక అసలు పని. దసరా తర్వాత, శివరాత్రి లోపు చేయండి. వానాకాలంలో మేత ఉండదు, నడివేసవిలో మైనం మెత్తబడి పట్టు చేతిలోనే జారిపోతుంది. అడవిలో పట్టు జోలికి పోవద్దు. గోడలో ఈగలున్నాయి, తీసేయండి బాబూ అని పిలిచే ఇళ్లు ఊళ్లోనే బోలెడు. మొదటిసారైతే అలవాటున్నవాళ్లను వెంట తీసుకెళ్లండి. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరాడని మనిషైతే ఈ సరదా మానుకోవడమే మంచిది.

సాయంత్రం ఎండ తగ్గాక మొదలుపెట్టండి. కొబ్బరి పీచు పొగ రెండు మూడు సార్లు మెల్లగా ఊది, కాసేపు ఆగండి. చాలామంది ఇక్కడే ఇటుకల బట్టీలాగా పొగ పెడతారు. అంత పొగకు రాణి బెదిరి ఏ సందులోకో దూరిపోతుంది, తర్వాత గంటసేపు వెతికినా దొరకదు. పొగ ఈగలను తరమడానికి కాదు, కాస్త సద్దుమణగడానికి.

కన్నం వెడల్పు చేశాక వరసగా పట్లు కనిపిస్తాయి. ఒక్కో పట్టును పైనుంచి కోయండి. పై భాగంలో తేనె, కింద పిల్లలు ఉంటాయి. తేనె ముక్కను వేరు చేసి గిన్నెలో వేసి మూత పెట్టండి. దాన్ని ఫ్రేముకు కట్టకండి. ఎంత చెప్పినా వినరు, ఈగలకు తిండి కదా అని కట్టేస్తారు. ఆ బరువుకు పట్టు తెగి, తేనె కారి, పిల్లలు మునిగి, వాసనకు చీమలొచ్చి తెల్లారేసరికి పెట్టె ఖాళీ.

పిల్లలున్న ముక్కను ఫ్రేము కొలతకు కోసి, పైన ఉన్న వైపు పైకే ఉండేలా ఫ్రేములో నిలబెట్టండి. గదులు కొద్దిగా పైకి వాలి ఉంటాయి, తలకిందులుగా కడితే పనికిరాదు. కోసిన అంచు ఫ్రేము పైకర్రకు ఆనాలి. అప్పుడు అరటి నారతో రెండు చోట్ల చుట్టి కట్టండి, గదులు నలిగిపోయేంత బిగించకండి. రబ్బరు బ్యాండ్లు, నైలాన్ దారం వాడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఈగలు పట్టును కర్రకు అతికించుకున్నాక నారను తామే కొరికి బయట పడేస్తాయి. నైలాన్ అయితే మళ్లీ మీరే పెట్టె తెరిచి కోయాలి. పట్టును ఎప్పుడూ నిలువుగానే పట్టుకోండి. అరచేతిలో అడ్డంగా పరిస్తే కొత్త పట్టు అక్కడే విరుగుతుంది.

పిల్లల ఫ్రేములు పెట్టె మధ్యలో, ఖాళీవి అటూ ఇటూ. ఇప్పుడు రాణి కోసం చూడండి. పొట్ట పొడుగ్గా, కూలి ఈగల కన్నా నల్లగా ఉంటుంది. వేళ్లతో పట్టుకోవద్దు. ఈగల గుంపును గరిటెతోనో చేత్తోనో మెల్లగా తీసి ఫ్రేముల మీద దించుతూ ఉంటే అందులోనే వచ్చేస్తుంది. వచ్చిందో లేదో గుమ్మం దగ్గర తెలుస్తుంది. కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ నిలబడి, మిగతావి బారులు తీరి లోపలికి నడుస్తుంటే రాణి లోపలే ఉన్నట్టు. గుంపు మళ్లీ గోడ వైపే పోతుంటే అది ఇంకా అక్కడే ఉంది, మళ్లీ వెతకండి.

గుమ్మానికి రాణి గేటు పెట్టండి. పూర్తిగా చీకటి పడేదాకా పెట్టె అక్కడే ఉండాలి, మేతకు వెళ్లినవి తిరిగి రావాలిగా. రాత్రి గాలాడే జాలీతో గుమ్మం మూసి ఇంటికి తెచ్చుకోండి. కొత్త చోటు రెండు కిలోమీటర్లైనా దూరం ఉంటే బెంగ లేదు. మీ ఇంటి గోడలో పట్టే అయితే పాత కన్నం మట్టితో మూసేసి, పెట్టెను అక్కడే ఉంచి, రోజుకు రెండు మూడడుగుల చొప్పున జరపండి. ఒకేసారి పెరటి చివరకు మారిస్తే ఈగలు పాత గోడ దగ్గరే తిరుగుతూ చచ్చిపోతాయి.

ఆ రాత్రే సమానంగా కలిపిన చక్కెర నీళ్లు పెట్టె లోపలే పెట్టండి. బయట పెడితే పక్క ఈగలు దోపిడీకి వస్తాయి. ఆ తర్వాత ఐదు రోజులు మూత ముట్టుకోవద్దు. పిల్లలకు చూపించడానికి, ఫొటోకు, వీడియో కాల్‌లో అత్తగారికి చూపించడానికి తెరిచిన ప్రతిసారీ లేచిపోయే అవకాశం పెరుగుతుంది. ఆరో రోజు గుమ్మం దగ్గర కూర్చుని చూడండి. కాళ్లకు పసుపు పుప్పొడి ముద్దలతో ఈగలు వస్తున్నాయంటే రాణి గుడ్లు పెడుతోంది, గేటు తీసేయండి. ఎక్కువ రోజులు ఉంచితే పోతుటీగలు బయటకు రాలేవు.

పెరటి సంగతి కొంచెం. దోస, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి కాపులో తేడా వెంటనే తెలుస్తుంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దానికి వీటివల్ల ఒరిగేది తక్కువ. టమాటా, వంగ పూలను పుప్పొడి రాలేలా గట్టిగా అదరగొట్టాలి, ఆ పని తుమ్మెదలది. మేతకు మునగ, తులసి, గింజకు వదిలేసిన కొత్తిమీర పెంచండి. వేప నూనె కూడా సాయంత్రం ఈగలు పెట్టె చేరాకే కొట్టండి, సేంద్రియమే కదా అని పొద్దున్నే పూల మీద కొట్టేయకండి.

తేనె పై అరలోంచి, ముప్పావు వంతు గదులకు మూతలు పడిన ఫ్రేముల నుంచే తీయండి. మూతలు పడని తేనెలో నీరెక్కువ, పులిసిపోతుంది. పట్టును గుడ్డలో వేసి పిండడం వద్దు, తిప్పే యంత్రంలో తీస్తే పట్టు మళ్లీ ఈగలకే పనికొస్తుంది. వానల రోజులకు వాటికీ కొంత వదలండి. పుట్టిన పిల్లల నాలుక మీద తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా ఏడాది నిండని పిల్లలకు చుక్క కూడా పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.