ల్యాబ్ వెనక గది పాఠాలు – 3: "కొంచెం యాసిడ్ కావాలి"

పోయిన పాఠంలో అలమరలు సర్దుకున్నాం. ఏ సీసా ఎక్కడుందో ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలరు. ల్యాబ్ అసిస్టెంట్లుగా మన అసలు చిక్కు ఈ పాఠంతో మొదలవుతుంది. సామాను దొరుకుతుంది గానీ, టీచరుకు ఏది కావాలో అంతుచిక్కదు.

చీటీ ఇలా వస్తుంది: "రేపు 3వ పీరియడ్, 9వ తరగతి. యాసిడ్, మెగ్నీషియం, టెస్ట్ ట్యూబులు." కింద చక్కటి సంతకం, తేదీ. మిగతాదంతా మన ఊహకే.

చీటీ రాసినవాళ్ల మీద విసుక్కునే ముందు ఒకటి ఆలోచించండి. ఆ మేడం తలలో ప్రయోగం మొత్తం నడుస్తోంది. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎప్పుడు ఏం అడగాలి అన్నీ ఉన్నాయి. కాగితం మీదికి మాత్రం సామాన్ల పేర్లే దిగాయి. ఇంకో రకం కూడా ఉంటుంది. ఫిజిక్స్ సారుకి కెమిస్ట్రీ పీరియడ్ అప్పగించారు, ఎంత గాఢత వాడాలో ఆయనకు నిజంగానే తెలియదు. ఆ మాట మన ముందు ఒప్పుకోవడం ఆయనకు మొహమాటం. అలాంటప్పుడు "ఎన్ని మోలార్ సార్?" (మోలార్ అంటే గాఢతకు కొలత) అని అడిగితే "మామూలుదే ఇవ్వండి" అంటారు. మామూలు అని రాసిన సీసా నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒకే ఒక అలవాటు. వస్తువు గురించి అడగొద్దు, ప్రయోగం గురించి అడగండి. "ఏ యాసిడ్?" అని కాకుండా "పిల్లలు ఏం చూడాలి మేడం?" అనండి. దీనికి జవాబు ప్రతి టీచరుకీ తెలుసు, అదీ నిమిషంలో చెప్పగలరు. గంట కొట్టాక వరండాలో ఎదురైతే ఆ నిమిషం కూడా ఉండదు. అప్పుడు రెండు దారులు చూపించి ఒకటి ఎంచుకోమనండి: "హైడ్రోజన్ టప్పుమని పేలేదా, చర్య వేగం కొలిచేదా?" నడుస్తూనే "వేగం" అని చెప్పి వెళ్లిపోతారు. ఆ ఒక్క మాటతో మన పని సగం తేలిపోయింది.

ఎలాగో పై చీటీతోనే చూద్దాం.

జవాబు "టప్పుమనేది" అయితే పని తేలిక. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ గ్రూపుకి ఐదు మి.లీ., రెండు మూడు సెంటీమీటర్ల మెగ్నీషియం రిబ్బన్ ముక్క, వెలిగించడానికి పుల్లలు. పుల్లల మాట చీటీలో లేదు చూశారా? ప్రయోగం పేరు తెలిశాకే అవి గుర్తొస్తాయి.

జవాబు "వేగం" అయితే కథ మారిపోతుంది. ఒకే గాఢత చాలదు. 0.5, 1, 1.5, 2 మోలార్ నాలుగూ కావాలి. వాటిని మనం విడివిడిగా కలపనక్కర్లేదు. 2 మోలార్ ఒక్కటే ఇస్తే పిల్లలే నీళ్లు కలుపుకుంటారు: 2.5, 5, 7.5, 10 మి.లీ. యాసిడ్ తీసుకుని ప్రతిదాన్నీ నీళ్లతో 10 మి.లీ. చేస్తారు. అంటే ఒక విడతకు గ్రూపుకి 25 మి.లీ. ప్రయోగం రెండుసార్లు చేయిస్తారు కాబట్టి 50. పది గ్రూపులకు 500. ఒలకబోసే వీరుడు ఏ తరగతిలోనైనా ఉంటాడు, కాబట్టి 600 కలపండి. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు 12 మోలార్ ఉంటుంది. అందులో 100 మి.లీ. తీసుకుని 600కు చేరిస్తే 2 మోలార్ వస్తుంది. ముందు 400 మి.లీ. నీళ్లు పోసుకుని, ఫ్యూమ్ హుడ్ (పొగలను బయటికి లాగేసే గూడు) కింద, కళ్లకు గాగుల్స్, చేతులకు గ్లోవ్స్ పెట్టుకుని, ఆ నీళ్లలోకే యాసిడ్‌ని మెల్లగా పోయాలి. తర్వాత మిగతా నీళ్లతో 600 గీతకు తేవాలి. హైడ్రోక్లోరిక్ పొగలు కక్కుతుంది, సల్ఫ్యూరిక్ విపరీతంగా వేడెక్కుతుంది. రెండింటికీ పద్ధతి ఇదే, యాసిడ్ మీద నీళ్లు పోయడం ఎన్నడూ లేదు.

వేగం కొలవాలంటే రిబ్బన్ ముక్కలన్నీ ఒకే పొడవుండాలి, పైన పట్టిన నల్లటి పొరను గరుకు కాగితంతో రుద్దేయాలి. స్టాప్‌వాచీలు, కొలజాడీలు కూడా బయటికి రావాలి. ఒకవేళ వాయువును సిరంజిలో పట్టి కొలిచే పద్ధతైతే ఇంకో లెక్క ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర 0.1 గ్రాము మెగ్నీషియం సుమారు 100 మి.లీ. హైడ్రోజన్ ఇస్తుంది. సిరంజి పట్టేది కూడా 100 మి.లీ.యే. కాబట్టి ముక్క 0.08 గ్రాము దాటనివ్వకండి. లేకపోతే సిరంజి పిస్టన్ ఊడి వస్తుంది, తరగతి మొత్తం చప్పట్లు కొడుతుంది.

"ఏ యాసిడ్ అయితే ఏంటి, అన్నీ యాసిడ్లే కదా" అనుకునేవాళ్లకు ఒక మాట. చీటీలో మెగ్నీషియం బదులు పాలరాయి ముక్కలు ఉన్నాయనుకోండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇస్తే కాసేపు బుడగలు వచ్చి ఆగిపోతాయి. రాయి మీద కాల్షియం సల్ఫేట్ పొర కట్టి యాసిడ్‌ని లోపలికి పోనివ్వదు. అక్కడ హైడ్రోక్లోరిక్ తప్పనిసరి. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు, ఒక పీరియడ్ పాడుచేసి నేర్చుకున్నాను.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఇంకా జాగ్రత్త. "పెరాక్సైడ్ ఒక సీసా" అని రాసేస్తారు. సీసా మీద మాత్రం వాల్యూంలలో ఉంటుంది. 20 వాల్యూం అంటే ఒక మి.లీ. ద్రావణం 20 మి.లీ. ఆక్సిజన్ ఇస్తుందని అర్థం. అంటే ఐదు మి.లీ.తోనే 100 మి.లీ. సిరంజి నిండిపోతుంది. 10 వాల్యూం సుమారు 3 శాతం, 20 వాల్యూం 6 శాతం, 100 వాల్యూం 30 శాతం. ఈ చివరిది చర్మాన్ని కాలుస్తుంది, తరగతి గదిలోకి అడుగు పెట్టకూడదు. జవాబు రాకపోతే పలచగా ఉన్నదే పెట్టండి. చాలకపోతే మళ్లీ అడుగుతారు. గాఢమైనదాన్ని ఊహించి పెట్టే హక్కు మనకు లేదు.

ఫిజిక్స్ చీటీల్లో ప్రమాదం తక్కువే గానీ పరువు ఎక్కువ పోతుంది. "బల్బులు, సెల్స్, వైర్లు" అని చీటీ వచ్చింది. 6 వోల్టుల బల్బుల డబ్బా చేతికందితే అదే పెట్టాను, గ్రూపుకి ఒక్కో 1.5 వోల్ట్ సెల్‌తో. ఒక్కటీ వెలగలేదు. పిల్లలు ఇరవై నిమిషాలు వైర్లు విప్పి కట్టి, కట్టి విప్పి, చివరికి సెల్స్ అయిపోయాయని తేల్చారు. సారు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. అప్పటి నుంచి బల్బుల డబ్బాల మీద వోల్టేజి ఇంతెత్తు అంకెలతో రాసి పెట్టాను. "సెల్స్ ఎన్ని, వరసలోనా సమాంతరంగానా?" అన్నది బల్బుల చీటీకి నా మొదటి ప్రశ్న.

లెన్సుల విషయం క్లుప్తంగా: కుంభాకారమా పుటాకారమా, నాభ్యంతరం ఎంత, ఈ రెండే. కుంభాకార లెన్సుల నాభ్యంతరం తెలియకపోతే కిటికీ బయటి దూరపు చెట్టు బొమ్మను ఎదుటి గోడ మీద పడేలా పట్టుకుని, లెన్సుకీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. ఒక ఖాళీ మధ్యాహ్నం కూర్చుంటే డబ్బా అంతా అయిపోతుంది.

ఇక అన్నింటికన్నా గడ్డు చీటీ: "పోయినసారి ఇచ్చినవే." దీనికి మందు జ్ఞాపకశక్తి కాదు, నోట్‌బుక్. ప్రయోగానికి ఒక పేజీ పెట్టండి. ఎవరికి ఇచ్చాం, ఎన్ని గ్రూపులు, ఎంత గాఢత, ఎంత మిగిలి తిరిగొచ్చింది అన్నవి రాయండి. మిగిలింది రాయడం మరిచిపోవద్దు, ఎక్కువ కలుపుతున్నామా తక్కువ కలుపుతున్నామా చెప్పేది ఆ అంకే.

టీచరు అసలు దొరకనే లేదనుకోండి. మీకు అర్థమైంది చీటీ వెనక రాసి స్టాఫ్‌రూంలో బల్ల మీద పెట్టండి: "10 గ్రూపులు, 1 మోలార్ హైడ్రోక్లోరిక్, 3 సెం.మీ. రిబ్బన్, పుల్లలు సిద్ధం చేస్తున్నాను. మార్పుంటే సాయంత్రం లోపు చెప్పండి మేడం." ప్రశ్నకు జవాబు రాయడానికి బద్ధకించేవాళ్లు కూడా తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేరు. టీచర్లు కదా.

వచ్చే పాఠం లోపు ఈ మూడు చీటీలకు మీరు అడిగే ఒక్కో ప్రశ్న, చీటీలో లేకపోయినా మీరు పెట్టే సామాను రాసుకోండి.

ఒకటి: "బ్యూరెట్లు, బేస్, ఇండికేటర్. 11వ తరగతి."

రెండు: "ఆకులు, స్పిరిట్, అయోడిన్. రేపు 1వ పీరియడ్."

మూడు: "సున్నపుతేట కొంచెం. ఇప్పుడే."

రెండో చీటీలో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి మొక్కను చీకట్లో ఉంచాల్సిన సమయం, రెండోది స్పిరిట్ దగ్గర మంట. మూడోదానికి జవాబు మీ అలమరలోనే నిన్నటి నుంచి తేరుకుంటూ ఉండాలి. లేకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు వెళ్లి ఒక సీసా కలిపి రండి.