పున్నమి రాత్రి డాబా మీద విందు, పాటలు: పదిహేను మందికి లెక్క

చైత్రంలో కోనసీమలో డాబా మీద విందు పెట్టుకునేవాళ్ళు ముందు చూడాల్సింది పంచాంగం. పౌర్ణమి నాడు పొద్దు గుంకేసరికి, ఆరుంబావు ప్రాంతంలో, చంద్రుడు పైకొస్తాడు. ఆ తర్వాత రోజుకో ముప్పావు గంట పైనే ఆలస్యం. ఆదివారం కలిసొచ్చిందని చవితి నాడు పిలిస్తే, వెన్నెల వచ్చేసరికి విస్తళ్ళు ఎత్తేస్తుంటారు. చతుర్దశి గానీ పున్నమి గానీ అయితేనే బాగుంటుంది.

పగలంతా కాగిన స్లాబు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఐదింటికల్లా నాలుగైదు బిందెల నీళ్ళు కొట్టండి. ఆరున్నరకి కొడితే తడి ఆరక, చాపల కింద చెమ్మ పట్టి, ఉక్క పెరుగుతుంది.

వంటంతా చీకటి పడేలోపు అయిపోవాలి. లేకపోతే పాట పైన, ఇంటావిడ కింద పొయ్యి దగ్గర. అందుకే ఊరితే రుచి పెరిగేవీ, చల్లారినా బాగుండేవీ ఎంచుకోవాలి.

పులిహోర నాలుగింటికే కలిపేయండి. ఆరువందల గ్రాముల పాత బియ్యం పలుకుగా వండి, పెద్ద పళ్ళెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, రెండు చెంచాల నూనె, కరివేపాకు వేయాలి. ఎనభై గ్రాముల చింతపండు పులుసు పచ్చిమిర్చితో నూనె తేలేదాకా ఉడికించి, అన్నం చల్లారాకే కలపాలి. పొగలు కక్కే అన్నంలో పులుసు కలిపి గరిట తిప్పితే మెతుకు విరిగి ముద్దయిపోతుంది. ఆఖర్న చెంచాన్నర ఆవాలు నూరి కలిపితే అది మన పులిహోర. వేడి మీద వేస్తే ఆవ ఘాటు పోతుంది.

పనసపొట్టుకి ఇదే అదను. పదిహేను మందికి కిలో పొట్టు చాలు. కాయే తెచ్చి కొట్టుకుంటే చేతులకీ కత్తికీ నూనె రాసుకోండి, జిగురు అంటదు. ఉప్పు, పసుపు వేసి ఉడికించి గట్టిగా పిండాలి. కూర నీళ్ళోడిందంటే పిండటంలో బద్ధకించినట్టే. పోపులో చింతపండు గుజ్జుతో మగ్గించి, దించి గోరువెచ్చన అయ్యాక రెండు చెంచాల ఆవాలు, ఓ ఎండుమిర్చి, ఉప్పు నూరిన ముద్ద కలపండి.

మామిడికాయ పప్పుకి నాలుగువందల గ్రాముల కందిపప్పు, రెండు కాయలు. పులుపు తగిలితే పప్పు తొందరగా మెత్తబడదు, అందుకని ముక్కలు విడిగా ఉడికించి కలపండి. తెల్లన్నానికి కిలో బియ్యం. రెండు లీటర్ల పాలకి మధ్యాహ్నం రెండింటికి తోడు వేస్తే, ఈ వేడికి రాత్రికి కమ్మటి పెరుగు అవుతుంది. పొద్దున్నే వేస్తే పులిసిపోతుంది.

అసలు పరీక్ష బూరెలది. అరకిలో శనగపప్పు, అరకిలో బెల్లంతో నలభైకి పైగా వస్తాయి. పప్పు వేలితో నొక్కితే మెదగాలి, చిమిడిపోకూడదు. కట్టు వార్చి చారులో పోసేయండి. పూర్ణం గిన్నె అంచు వదిలేదాకా దగ్గర పడనివ్వాలి. నూనెలో బూరె పగిలిందంటే కారణం రెండిట్లో ఒకటి: పూర్ణం పల్చన, లేదా పూర్ణాన్ని ముంచే పైపిండి, అంటే తోపు, పల్చన. తోపుకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, దోసెల పిండి కన్నా చిక్కగా రుబ్బండి. పులియనివ్వకండి, పులిసిన పిండి నూనె తాగేస్తుంది. ఆరింటికి వేయించి, గుడ్డ పరిచిన వెదురు బుట్టలో ఉంచండి. బిగుతు మూత పెడితే ఆవిరి పట్టి పైపొర మెత్తబడుతుంది. వడ్డించేటప్పుడు బూరెకి చిల్లు పెట్టి, అందులో కరిగిన నెయ్యి పోయాలి. పొయ్యకపోతే అడిగి మరీ పోయించుకునేవాళ్ళు మనవాళ్ళు.

ఆత్రేయపురం పూతరేకులు తెప్పించుకుంటే వడ్డించే నిమిషం దాకా డబ్బా తెరవకండి. ఇక్కడి గాలి చెమ్మకి రేకు పట్టుదప్పిపోతుంది.

ఇక పాట. తిన్నాక ఎవరికీ దమ్ము అందదు. పాడేవాళ్ళని ఏడింటికి మొదలుపెట్టించి, ఎనిమిదింబావుకి విస్తళ్ళు వేయండి. భోజనాలయ్యాక వేణువో, వయొలినో, వినడానికి హాయిగా ఉండేది ఏదైనా పెట్టుకోవచ్చు. బయట డాబా మీద గొంతు గాల్లో కలిసిపోతుంది. మెట్ల గది గోడకి వీపు పెట్టి కూర్చోబెడితే మైకు లేకుండానే పదిహేను మందికి వినిపిస్తుంది. మైకు పెట్టాలనుకుంటే రాత్రి పదికి ఆపేయాలి, చట్టం అదే చెబుతుంది.

వరస ముందే రాసుకోండి, కానీ వయసుని బట్టి కాదు, శ్రుతిని బట్టి. హార్మోనియం మెట్ల లెక్కన మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరలో పాడతారు. ఒకే శ్రుతి వాళ్ళని పక్కపక్కన పెట్టకపోతే పాట పాటకీ తబలా శ్రుతి చేసుకోవడంతోనే కాలం గడిచిపోతుంది. చెమ్మకి చర్మం వదులై శ్రుతి దిగుతుంది కాబట్టి, తబలా, మృదంగం పైకి తెచ్చి పాట దాకా గుడ్డ కప్పి ఉంచండి.

తెల్లటి ట్యూబులైటు డాబా అవతలి మూలన వెలిగించి, వడ్డన దగ్గర చిన్న పసుపు బల్బు చాలనుకోండి. పురుగులు అటు పోతాయి. గాలికి విస్తరాకులు లేస్తాయి, కాబట్టి నీళ్ళ గ్లాసు ముందే ఆకు మీద పెట్టండి. ఆకు చివర తినేవారి ఎడమ వైపు ఉండాలి. బూరెతో మొదలుపెట్టి పులిహోర, కూర, పప్పు, చారు, పెరుగు. నెయ్యి గిన్నె ఒకరి చేతిలోనే ఉండాలి, నలుగురి చేతుల్లో పడితే ఒక ఆకులో రెండుసార్లు, పక్క ఆకులో సున్నా.

మిగిలిన పులిహోర మర్నాడు పొద్దుటికి బాగుంటుంది. పనసపొట్టు కూర, పప్పు మాత్రం ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి.