అనుమానాస్పద మృతి కేసులో కుటుంబం తన సందేహాలను దర్యాప్తు ముందు ఉంచే విధానం

ఇంటి మనిషి మరణం హత్యా, ఆత్మహత్యా, ప్రమాదమా అన్నది తేలని కేసులో కుటుంబ సభ్యులకు అనుమానాలు ఎన్ని ఉన్నా, న్యాయస్థానం వరకు వెళ్లేసరికి వాటిలో చాలావరకు నిలబడవు. ఒక నవవధువు విషం వల్ల మరణించిన కేసులో 1984లో సుప్రీంకోర్టు భర్తకు పడిన మరణశిక్షను రద్దు చేస్తూ, ‘చేసి ఉండవచ్చు’ అన్నదానికీ ‘తప్పనిసరిగా చేశాడు’ అన్నదానికీ మధ్య దూరం చాలా ఉంటుందనీ, అనుమానం ఎంత బలమైనదైనా రుజువుకు బదులు కాదనీ స్పష్టం చేసింది. అందుచేత ప్రతి అనుమానాన్నీ పరిశీలించి తేల్చదగిన ప్రశ్నగా మార్చి, ఆధారం చెరిగిపోకముందే అధికారుల ముందు ఉంచడం అవసరం.

మొదట, అందరూ కూర్చుని మాట్లాడుకోకముందే, ఎవరికి తెలిసింది వారు విడివిడిగా రాసుకోవాలి. నలుగురూ కలిసి చర్చించుకున్న తరువాత ఒకరి జ్ఞాపకం మరొకరిలోకి చేరిపోతుంది. దుఃఖంలో ఇది మరీ సహజం. పేజీని రెండుగా విభజించి, ఎడమ వైపు ‘రాత్రి 9.40కి ఫోన్ చేశాడు, రేపు వస్తానన్నాడు, వెనుక ఎవరిదో కేక వినిపించింది’ వంటి చూసినవీ విన్నవీ, కుడి వైపు ‘ఎవరో బెదిరిస్తున్నారనిపించింది’ వంటి ఊహలూ రాయాలి. ఎడమ వైపున్న మాట నుంచే ప్రశ్న పుడుతుంది: ఆ సమయంలో ఆ ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉంది?

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. చాలా సీసీ కెమెరాల్లో కొన్ని వారాలకే పాత దృశ్యాల మీద కొత్తవి నమోదైపోతాయి కాబట్టి, ఏ కెమెరా, ఏ తేదీ, ఏ సమయం అన్నది పేర్కొంటూ ఫుటేజీని భద్రపరచాలని దర్యాప్తు అధికారికి వెంటనే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. మృతుని ఫోన్‌ను తెరిచే ప్రయత్నం చేయరాదు, బట్టలు ఉతకరాదు. మీ ఫోన్‌లోని సందేశాలకు స్క్రీన్‌షాట్లు మాత్రమే దాచి అసలు ఫోన్‌ను మార్చేయవద్దు, ఎందుకంటే ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, అది ఏ పరికరం నుంచి ఎలా తీసిందో తెలిపే ధృవపత్రం కావాలి. పోస్టుమార్టంపై సందేహం ఉంటే, ఎంత బాధాకరమైనా, దహనానికి ముందే న్యాయవాదిని సంప్రదించాలి. దహనం తరువాత మళ్లీ పరీక్షించడానికి శరీరం మిగలదు.

కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది మొదటి వాంగ్మూలం దగ్గర. ఆవేశంలో నలుగురి పేర్లు చెప్పి, తరువాత ఇద్దరిని వదిలేసినా, మొదట చెప్పని ముఖ్య విషయాన్ని ఆరు నెలల తరువాత సాక్షిబోనులో చెప్పినా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవి వైరుధ్యాలుగా నిలిచి, నిజమైన మాటను కూడా కల్పనగా కనిపించేలా చేస్తాయి. తెలిసినది తెలిసినట్లుగా, అనుమానాన్ని అనుమానమనే పేరుతో చెప్పాలి. ఏదైనా తరువాత గుర్తొస్తే, ఎప్పుడు, ఎందువల్ల గుర్తొచ్చిందో వివరిస్తూ అదనపు వాంగ్మూలం నమోదు చేయమని కోరాలి. సామాజిక మాధ్యమాల్లో ఎవరినీ హంతకులని రాయకండి. అది అసలు దోషిని అప్రమత్తం చేయవచ్చు, పరువునష్టం కేసూ తెచ్చిపెట్టవచ్చు.

శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, వస్తువులు స్వాధీనం చేసుకున్నప్పటి మధ్యవర్తుల నివేదిక చేతికి అందాక, మూడింటినీ పక్కపక్కన పెట్టి పంక్తి పంక్తీ చదవాలి. పంచనామాలో ‘కుడి మణికట్టుపై గీరుకున్న గాయం, ఎడమ చేతికి గడియారం’ అని ఉండి, పోస్టుమార్టంలో ఆ గాయమూ, స్వాధీన జాబితాలో ఆ గడియారమూ లేకపోతే, అవి రెండు నిర్దిష్టమైన ప్రశ్నలు. అది పొరపాటూ కావచ్చు. కాబట్టి ఆరోపణగా కాక, వివరణ కోరుతూ రాయాలి. విసెరాను (రసాయన పరీక్ష కోసం తీసే లోపలి అవయవాల నమూనాలను) ఏ రోజు సేకరించారు, ఏ రోజు ల్యాబ్‌కు చేరింది, సీలు చెక్కుచెదరకుండా ఉందా అన్నవీ అడగదగినవే.

ఎఫ్ఐఆర్ నమోదుకు స్టేషన్‌లో నిరాకరిస్తే, క్రిమినల్ కేసుల విధివిధానాల చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా ఫలితం లేకపోతే ప్రమాణపత్రం (అఫిడవిట్) జతచేసి సెక్షన్ 175(3) కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు తెలియజేయాలని సెక్షన్ 193 చెబుతోంది. పోలీసులు కేసు మూసివేతకు నివేదిక ఇచ్చినప్పుడు, దాన్ని ఆమోదించే ముందు మేజిస్ట్రేట్ ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వాదన వినాలని 1985లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ దశలో మూసివేతపై అభ్యంతరం తెలుపుతూ వేసే ప్రొటెస్ట్ పిటిషన్‌లో ఆవేదన ఒక్క పేరాకు మించనివ్వక, ఏ సాక్షిని విచారించలేదు, ఏ కాల్ రికార్డు తెప్పించలేదు, ఏ గాయానికి వివరణ లేదు అన్నవి తేదీలతో, పేజీ సంఖ్యలతో రాసి, ముద్ర వేయించుకున్న అర్జీల నకళ్లను వెంట జతచేయాలి.