గూడెం అడవిని గూడెమే కాపాడుకునే హక్కు: ఫారం-సి దరఖాస్తు ఎలా చేయాలి?

నల్లమల అంచున ఆత్మకూరు, కొత్తపల్లి వైపు చెంచు గూడేల్లో అటవీ హక్కుల చట్టం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పొలం పట్టా. దానికి ఫారం-ఎ. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు ఇస్తారు. తేనె, తపసిబంక, కుంకుడుకాయలు సేకరించుకునే సామూహిక హక్కులకు ఫారం-బి. రెండూ కావాల్సినవే. కానీ అడవిని కాపాడే, మళ్ళీ పెంచే, నరికేవాళ్ళను ఆపే అధికారం గూడేనికి దక్కేది ఫారం-సి వల్ల. దాన్ని వదిలేస్తే పొలం మిగిలినా అడవి మీద మాట మిగలదు.

పులుల అభయారణ్యంలో ఈ హక్కు రాదని కొందరు చెబుతుంటారు. నమ్మకండి. 2006 చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా.

మొదట గ్రామసభ జరగాలి. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. ఈ సభే 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. అందులో కనీసం మూడింట రెండొంతులు గిరిజనులు, కనీసం మూడోవంతు మహిళలు. గ్రామసభ తరఫున ఫారం-సి నింపేది ఈ కమిటీయే. ఫారానికి డబ్బు కట్టనక్కర్లేదు. అటవీ, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే సబ్ డివిజన్ కమిటీ ఇవ్వాలి, రాతపూర్వకంగా అడగండి.

అసలు పని సరిహద్దు గీయడం. దీనికి తొందరపడొద్దు. ఏ వాగు దాకా గడ్డలు తవ్వుకునేవారు, ఏ కొండ చరియలో తేనె తీసేవారు, లింగమయ్యకు ఎక్కడ మొక్కేవారు, చనిపోయినవారిని ఎక్కడ పూడ్చారు అన్నీ పెద్దవాళ్ళతో కలిసి నడిచి గుర్తించండి. ఆడవాళ్ళను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఏ ఆకు, ఏ గడ్డ ఏ కాలంలో ఎక్కడ దొరుకుతుందో వాళ్ళు చెబితేనే మ్యాపు నిండుతుంది. నీటి చెలమలు, పశువులు మేసే చోట్లు, పాత పెంటల (చెంచులు ఒకప్పుడు నివసించిన చోట్ల) ఆనవాళ్ళు, ఇవన్నీ నిబంధనలు ఒప్పుకునే సాక్ష్యాలే. పెద్దల మాటను కాగితం మీద రాయించి జతచేయొచ్చు. కనీసం రెండు రకాల సాక్ష్యాలు ఉండాలి. ఉపగ్రహ చిత్రం వీటికి తోడు మాత్రమే, వీటి స్థానంలోకి రాదు. పక్క గూడెంతో హద్దు కలిస్తే రెండు కమిటీలూ కూర్చుని తేల్చుకోవాలి.

కమిటీ అడవికి వెళ్ళి దరఖాస్తును పరిశీలించే రోజు ఎప్పుడో అటవీ, రెవెన్యూ శాఖలకు ముందే తెలియజేసి నకలు దాచుకోండి. అధికారులు వచ్చి సంతకం పెట్టాలి. వాళ్ళు రాకపోయి, తర్వాత అభ్యంతరం చెబితే దరఖాస్తు మళ్ళీ గ్రామసభకే వస్తుంది. రెండోసారీ రాకపోతే గ్రామసభ తేల్చిందే ఖాయం. ఈ ఒక్క నిబంధన తెలియక ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన గూడేలను చూశాను, బాధేసింది.

గ్రామసభ తీర్మానం అయ్యాక దరఖాస్తు సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళుతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆత్మకూరు వైపు గూడేలకు కర్నూలు కాదు, నంద్యాల కలెక్టరే. పాత అలవాటుతో కర్నూలుకు పోయి రోజు పోగొట్టుకోకండి.

తిరస్కరిస్తే కారణం రాసి మీకు తెలపాలి. గ్రామసభ నిర్ణయం మీద సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లోగా అర్జీ పెట్టుకోవచ్చు. నోటిమాటగా కాదంటే ఊరుకోవద్దు, రాసిమ్మని అడగండి. ఆ కాగితం చేతికొచ్చిన తేదీని వెంటనే రాసిపెట్టుకోండి.