మంచం పక్కన కంటి పరీక్ష – 4వ పాఠం: పక్కచూపు

పోయిన పాఠంలో కంటిని తిప్పే ఆరు కండరాలనూ, వాటికొచ్చే మూడు నరాలనూ చూశాం. ఈసారి పక్కచూపు ఒక్కటే. కొంచెం నిదానంగా చదవండి, ఇక్కడే చాలామంది తికమక పడతారు.

కుడికి చూడాలంటే కుడికన్ను చెవి వైపుకి, ఎడమకన్ను ముక్కు వైపుకి ఒకేసారి తిరగాలి. ఒంగోలు జోడెద్దుల్లాగా రెండూ ఒకే కాడి కింద నడవాలి. ఆ కాడి బ్రెయిన్‌స్టెమ్‌లో (మెదడుని వెన్నుపాముతో కలిపే కాండంలో) ఉంది. ఆ కాండం మధ్యభాగమైన పాన్స్‌లో కుడివైపున్న ఆరో నరం కేంద్రం కుడికన్నును బయటికి లాగుతూనే, ఎడమవైపుకి దాటి పైకెళ్ళే ఒక తీగ ద్వారా మిడ్‌బ్రెయిన్‌లోని (కాండం పైభాగంలోని) ఎడమ మూడో నరం కేంద్రానికి కబురంపుతుంది, అది ఎడమకన్నును ముక్కు వైపుకి లాగుతుంది. ఆ తీగ పేరు మీడియల్ లాంగిట్యూడినల్ ఫాసిక్యులస్. వార్డులో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ ఉండదు, ఎం.ఎల్.ఎఫ్. అంటారు.

కందుకూరు బస్టాండులో నిన్నటినుంచి బోర్డులు రెండుగా అవపడతన్నాయని ఒక పెద్దాయన వచ్చాడనుకోండి.

"పెద్దయ్యా, తల కదిలించబాకండి. కళ్ళతోనే నా వేలు చూడండి."

వేలు మూరెడు దూరంలో పెట్టి ఆయన కుడివైపుకి జరపండి. కుడికన్ను బయటికి పోయి అక్కడ కొట్టుకుంటోంది (నిస్టాగ్మస్). కొత్తవాళ్ళ చూపు దానిమీదే పడుతుంది. దాన్ని వదిలేసి ఎడమకన్ను చూడండి. ముక్కు వైపుకి రాక మధ్యలోనే ఆగిపోయింది. దెబ్బ ఆ రాని కన్ను వైపునే, అంటే ఎడమ ఎం.ఎల్.ఎఫ్.లో.

మూడో నరమే పోయిందేమో? వేలిని ఆయన ముక్కు దగ్గరికి తెండి. ఇప్పుడు అదే ఎడమకన్ను లోపలికి వస్తే కండరమూ నరమూ బాగున్నట్టే, తెగింది తీగ మాత్రమే. రాకపోయినా వెంటనే ఎం.ఎల్.ఎఫ్.ను కొట్టేయకండి, దెబ్బ మిడ్‌బ్రెయిన్ దాకా పాకి ఉండొచ్చు. రెప్ప వాలిందా, కంటిపాప పెద్దదైందా చూడండి. అవి ఉంటే మూడో నరం మీదే అనుమానం.

దెబ్బ కొద్దిగానే ఉంటే నిదానంగా జరిపే వేలికి దొరకదు. రెండు వేళ్ళు దూరంగా పెట్టి, "ఇది, అది" అంటూ చూపును గబగబా మార్పించండి. వెనకబడే కన్ను బయటపడుతుంది.

పెద్ద వయసులో ఈ దెబ్బ ఒకవైపే, ఉన్నట్టుండి వస్తే పక్షవాతాన్ని ముందు అనుమానించాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు కాబట్టి, రెండుగా కనబడటం మొదలైన టైము ముందు రాసుకోండి. వయసులో ఉన్నవాళ్ళకి రెండువైపులా వస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) గుర్తుకు రావాలి.

అభ్యాసం: ఒకామెకి కుడివైపుకి రెండు కళ్ళూ కదలవు. ఎడమకి చూడమంటే ఎడమకన్ను మాత్రమే పోతుంది. దెబ్బ ఎక్కడెక్కడ తగిలిందో కాయితం మీద గీసి ఉంచండి. దీనికి 1967లో ఫిషర్ అనే నరాల డాక్టరు పెట్టిన పేరు "ఒకటిన్నర". ఆ లెక్క ఎలా వచ్చిందో 5వ పాఠంలో, పైచూపుకంటే ముందు చూద్దాం.