పిన్ను లేని స్కార్ఫ్, బ్యాగులో రూల్ కాగితం

నిజామాబాద్‌లో పీఈటీగా పనిచేస్తున్నాను. బాస్కెట్‌బాల్ నేర్చుకుంటామని వచ్చే మా ముస్లిం అమ్మాయిలకు మొదటి రోజు బంతి ఇవ్వను. ముందు వాళ్ళ అమ్మీతో మాట్లాడాలి. లేకపోతే మూడో రోజు ఏ ఖాలాయో (పిన్నో, పెద్దమ్మో) ఏదో అంటుంది, నాలుగో రోజు పిల్ల రాదు.

మీరూ ఇలాంటి పిల్లలకు కోచ్ అయితే, అమ్మలతో మాట్లాడేటప్పుడు "ఏం కాదులెండి" అని తేల్చెయ్యకండి. గ్రౌండ్‌లో ఎవరెవరుంటారు, ఇంటికి ఎన్నింటికి చేరుతుంది, ఏం బట్టలు వేసుకుంటుంది, ఇవి చెప్పండి. పెళ్లి మాట తప్పకుండా వస్తుంది. మా ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ వాళ్ళమ్మ కూడా దెబ్బలు తిన్న కూతురి మొహం చూసి, పెళ్లి కాదేమోనని ఇలాగే భయపడింది. పేరొస్తే పెళ్లికొడుకులు లైన్ కడతారందట నిఖత్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్ అయింది. అలాగని ప్రతి ఇంట్లో నిఖత్ కథ చెప్పి ఆశపెట్టకండి. "మీ పిల్ల జిల్లా టీమ్ దాకా వచ్చి ఆగిపోవచ్చు" అని కూడా ఆ అమ్మకి చెప్పాలి.

ఇక స్కార్ఫ్. నేను ఆడే రోజుల్లో ఓ టోర్నమెంట్‌లో వార్మప్ కూడా అయ్యాక రెఫరీ నా తల వైపు వేలు చూపించాడు. మ్యాచంతా బెంచీ మీదే కూర్చున్నాను. తలకి స్కార్ఫ్‌తో ఆడకూడదనేది అప్పటి రూల్, ఆయన్ని అనడానికి లేదు. కానీ మా మేనేజర్ "ముందే చెబితే ఇంకొకరిని తెచ్చుకునేవాళ్ళం కదా" అన్నాడు చూడండి, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా ఆ నిషేధాన్ని 2017 అక్టోబర్ నుంచి ఎత్తేసింది.

టైలర్‌కి జెర్సీ గుడ్డ ఇచ్చి, తలమీంచి తొడుక్కునే టోపీలా కుట్టించండి. పిన్నులు, ముడులు, బటన్లు వద్దు. మొహం మీదికి రాకూడదు, కొసలు వేలాడకూడదు, మెడ దగ్గర మిగిలింది జెర్సీ లోపలికి పోవాలి. నలుపో తెలుపో అయితే గొడవ ఉండదు. అయితే టీమ్‌లో అందరి రిస్ట్‌బ్యాండ్లు, చేతులకు తొడుక్కునే స్లీవ్‌లు కూడా అదే రంగులో ఉండాలి. ఈ సంగతి చాలామంది కోచ్‌లే మర్చిపోతారు. రెండు కుట్టించండి, హాఫ్‌టైమ్‌కి ఒకటి చెమటకి పిండేలా తడుస్తుంది.

ఫీబా రూల్స్‌లో స్కార్ఫ్ సంగతి ఉన్న పేజీ ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకోండి. మ్యాచ్ ముందురోజు మేనేజర్ల మీటింగ్‌లోనే టోపీ, కాగితం రెండూ చూపించండి. విజిల్ ఊదబోయే ముందు వాదిస్తే ఎవరూ వినరు. కాదంటే కారణం రాసివ్వమని అడగండి. రాయాలనేసరికి చాలామంది మెత్తబడతారు.

రంజాన్‌లో ఇఫ్తార్‌కి ముందు అరగంట బంతిని బుట్టలో వేసే ప్రాక్టీస్ చాలు, పరుగులు పెట్టించకండి.

చివరిది గ్యాలరీ అరుపులు. వాటికీ ప్రాక్టీస్ చేయిస్తాను. ఒకమ్మాయి పది ఫ్రీత్రోలు (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే బంతులు) వేస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి గోల చేయాలి. ఏమని అరవాలో నేను చెప్పను. పిల్లలే కనిపెట్టారు: "ఏయ్, స్కార్ఫ్ జారింది!" అంతే, బంతి వదిలేసి చెయ్యి తలమీదికి పోతుంది. చెయ్యి పోవడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ వేయిస్తాను. ఈ ఏడాది ఆరుగురిలో నలుగురికి ఆగింది.