అంబాసిడర్ ఇంజిన్‌కి తమ్ముడు: ఇంటి గ్యారేజీలో ఎంజీబీ ఇంజిన్ విప్పి కట్టడం

మా నాన్న అంబాసిడర్‌కి బెజవాడ ఆటోనగర్‌లో రెండుసార్లు ఇంజిన్ దించారు. రెండోసారి నాకు వేసవి సెలవులు. మేస్త్రి గారు నా చేతికి కిరసనాయిలు ట్రే ఇచ్చి, వాల్వులు కడగమని ఒక మూల కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో, కవెంట్రీలో, 1973 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొని బానెట్ ఎత్తితే ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. రెండూ ఒకే ఇంటివి: బీఎంసీ అనే బ్రిటిష్ కార్ల కంపెనీ వాళ్ళ బి-సిరీస్ ఇంజిన్లు. అంబాసిడర్‌లో 1489 సీసీ, ఎంజీబీలో 1798 సీసీ. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏ మొదట్లో ఆ 1489తోనే నడిచింది. అంటే మనూళ్ళో టాక్సీని లాగిన ఇంజినే ఇక్కడ స్పోర్ట్స్ కారుని పరిగెత్తించింది.

నేను మెకానిక్‌ని కాను, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. శని, ఆదివారాలు చేసుకుంటూ పోతే ఎనిమిది నెలలు పట్టింది. ఒక సంగతి ముందే చెప్తాను. పానా పట్టుకుని తిప్పే పని ఇందులో చాలా తక్కువ. కడగడం, చీటీలు అంటించడం, కొలవడం, మిగతాదంతా అదే. ఈ మూడూ విసుగనుకుంటే ఇంజిన్ జోలికి పోవద్దు, కారుకి పాలిష్ పెట్టుకోండి.

ఇంజిన్ దించేముందు అసలు దించాలా వద్దా తేల్చుకోండి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, కంప్రెషన్ గేజ్‌తో ఒక్కో సిలిండర్ చూడండి. నాకు ఒకటి, రెండు, నాలుగు 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర వచ్చాయి. మూడోది మాత్రం 95 పీఎస్ఐ. అప్పుడు ఆ సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులో బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో లీకవుతున్నట్టు. నాది 130కి ఎక్కింది. దానికి తోడు గేరు మార్చినప్పుడల్లా వెనక నీలం పొగ. ఇంక అనుమానం లేదు.

పనిముట్లలో అందరూ మొదట పొరబడేది పానాల దగ్గరే. ఈ కారు నట్లు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల పానా దాదాపు సరిపోయినట్టే ఉంటుంది, ఆ దాదాపు వల్లే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. 7/16, 1/2, 9/16, 3/4 అంగుళాల సెట్టు కొనండి. మంచి టార్క్ రెంచి, ఫీలర్ గేజులు, మైక్రోమీటరు, పిస్టన్ రింగ్ కంప్రెసర్, ఇంజిన్ని బిగించే తిరిగే స్టాండు కావాలి. ఎత్తే క్రేను కొనొద్దు, వారాంతానికి అద్దెకి దొరుకుతుంది. అన్నిటికన్నా ముందు వర్క్‌షాప్ మాన్యువల్ కొనండి. నేను ఇక్కడ చెప్పే అంకెలు 18వీతో మొదలయ్యే ఇంజిన్ నంబరు వాటికి. 1964 దాకా వచ్చిన తొలి ఎంజీబీల్లో క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) మూడే మెయిన్ బేరింగులు, తర్వాతి వాటికి ఐదు. అంకెలు కొన్ని మారతాయి, మీ మాన్యువల్ చూసుకోండి.

దించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బ్యాటరీ, బానెట్, రేడియేటర్, కార్బ్యురేటర్లు, ఎగ్జాస్టు తీసేసి, ఇంజిన్నీ గేర్‌బాక్స్‌నీ కలిపే ఎత్తండి. విడిగా ఎత్తితే తిరిగి పెట్టేటప్పుడు గేర్‌బాక్స్ షాఫ్టుని క్లచ్‌లోకి దూర్చడానికి నడుము విరుగుతుంది. బానెట్ విప్పేముందు కీళ్ళ చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. నేను గీయలేదు. బానెట్ చుట్టూ సందు సరిచేసుకోవడానికి తర్వాత ఒక శనివారం మొత్తం పోయింది.

విప్పేటప్పుడు ప్రతి బోల్టుకీ ఒక ఇల్లుండాలి. మా ఇంట్లో ఖాళీ పచ్చడి సీసాలన్నీ గ్యారేజీకి వచ్చేశాయి. ‘వాటర్ పంపు’, ‘సంపు’, ‘టైమింగ్ కవర్’ అని చీటీలు. పుష్ రాడ్లు (వాల్వుల్ని కదిలించే కడ్డీలు) ఎనిమిదింటికీ అట్టపెట్టె మూతకి కన్నాలు పొడిచి, అంకెలు వేసి వరసగా గుచ్చాను. ఏ రాడ్డు ఏ చోటిదో ఆ చోటికే పోవాలి. మెయిన్ బేరింగ్ క్యాపులూ, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డు క్యాపులూ ఒకదానివి ఇంకోదానికి పనికిరావు, అంకెలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మీరే గుర్తు కొట్టుకోండి.

హెడ్ (సిలిండర్ల పై మూత) దగ్గర ఒక చిక్కుంది. దాన్ని పట్టి ఉంచే నట్లు 11. అందులో నాలుగు రాకర్ షాఫ్టుని (వాల్వుల్ని నొక్కే రాకర్లు ఉండే కడ్డీని) కూడా పట్టి ఉంచుతాయి. రాకర్ ఒక్కటే కదా అని ఆ నాలుగే విప్పితే హెడ్ ఒకవైపు లాగేసి వంకరపోవచ్చు, నీళ్ళు సిలిండర్లోకి దిగొచ్చు. ముందు రేడియేటర్ నీళ్ళు వదిలేసి, 11 నట్లనీ కొంచెం కొంచెంగా వరసలో వదులు చేయాలి. హెడ్ బయటికొచ్చాక మధ్యలో రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల చుట్టూ పగుళ్ళు వెతకండి. ఆ రెండిటికీ ఎగ్జాస్ట్ దారి ఒకటే కావడంతో వేడంతా అక్కడే చేరుతుంది. నా హెడ్‌లో పగులు లేదు కానీ సీట్లు అరిగాయి. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు మామూలు బంకుల్లో 2000 జనవరి నుంచి ఆగిపోయింది. అందుకని గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించాను.

ఇక కొలతలు. బోరు అసలు సైజు 80.26 మిల్లీమీటర్లు. పై అంచు దగ్గర గోరు పెట్టి గీస్తే గట్టులా తగిలితే అరిగినట్టే. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలవాలి. నా మూడో సిలిండర్ 7 థౌ అరిగింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇక్కడ ఇంట్లో చేసే పని ఆగుతుంది, లేత్ షాపుకి పోవాలి. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ లెవెల్, పిస్టన్ పిన్నులు ఎక్కించడం వాళ్ళకే వదిలేయండి. ఈ ఇంజిన్లో పిన్నులు ప్రెస్ ఫిట్, సుత్తితో కొడితే రాడ్డు పాడవుతుంది. 20 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు ముందే కొని, బ్లాకుతో పాటు షాపుకివ్వండి. వాళ్ళు ఆ పిస్టన్లని కొలిచి వాటికి సరిపడా బోరు తీస్తారు.

బ్లాకు తిరిగొచ్చినప్పుడు మెరిసిపోతోంది. షాపువాళ్ళే వేడినీళ్ళ ట్యాంకులో కడిగారు కదా అనుకుని, పైపైన గుడ్డతో తుడిచి బేరింగులు పెట్టడం మొదలుపెట్టాను. మూడో క్యాపు బిగించేసరికి క్రాంక్ తిప్పితే గరుకుగా కదిలింది. విప్పి చూస్తే కొత్త బేరింగు మీద సన్నగా గీత. ఆయిల్ గ్యాలరీలో (బ్లాకు లోపలి ఆయిల్ దారిలో) ఇరుక్కున్న వెంట్రుకంత ఇనప రజను. వేరే బేరింగు సెట్టు కొన్నాను. చూసుకోకపోవడం నా తప్పే. మీరు గ్యాలరీల మూతలన్నీ తీసి, పొడవాటి బ్రష్షులతో, గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడినీళ్ళతో, తెల్లగుడ్డకి మురికి అంటకుండా పోయేదాకా కడగండి. వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి ఆయిల్ పూయండి. కడిగిన బోరు పది నిమిషాల్లో తుప్పు రంగు తిరుగుతుంది.

బేరింగు సందు చూడ్డానికి ప్లాస్టీగేజ్ అనే మైనపు దారం దొరుకుతుంది. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) మీద ముక్క పెట్టి, క్యాపు పూర్తి టార్క్‌తో బిగించి, విప్పి, నలిగిన వెడల్పుని కాగితం మీది స్కేలుతో పోల్చాలి. 1 నుంచి 2.7 థౌ మధ్య ఉంటే మంచిదే. మధ్యలో క్రాంక్‌ని తిప్పకూడదు, తిప్పితే కొలత పోయినట్టే. మెయిన్ నట్లు 70 పౌండ్-అడుగులు, అంటే 95 న్యూటన్-మీటర్లు. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్ వైపు కొస) నట్లు 33 పౌండ్-అడుగులు. ప్రతి క్యాపు బిగించాక క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడండి. బిగిసిందంటే ఇప్పుడు బిగించిన క్యాపు దగ్గరే లోపం, అక్కడే ఆగిపోవాలి.

మధ్య మెయిన్ బేరింగు దగ్గర థ్రస్ట్ వాషర్లుంటాయి, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా. నేను వాటిని పెట్టి, సంబరంగా వాట్సాప్ వీడియోలో మేస్త్రి గారికి చూపించాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటింది, షెడ్డు ఎప్పుడో మూసేశారు. కళ్ళద్దాలు సర్దుకుని, ‘‘కాలవలు ఎటు చూస్తున్నాయి బాబూ?’’ అన్నారు. నేను క్యాపు వైపు తిప్పి పెట్టాను. ఆయిల్ కాలవలున్న ముఖం క్రాంక్‌కి ఆనాలి. అలాగే నడిపితే వాషర్లు అరిగి కింద పడేవి, క్రాంకూ బ్లాకూ రెండూ పోయేవి. సరిగ్గా పెట్టాక డయల్ గేజ్‌తో చూస్తే క్రాంక్ ముందుకీ వెనక్కీ కదిలే ఆట 4 నుంచి 5 థౌ రావాలి. అంబాసిడర్‌లో మూడే మెయిన్ బేరింగులైనా అక్కడా వాషర్లు మధ్య బేరింగు దగ్గరేనట. ఆయనకి ఈ ఇంజిన్ కొత్తేమీ కాదు.

పిస్టన్లు ఎక్కించేముందు ప్రతి రింగునీ దాని బోరులోకి దూర్చి, తిరగేసిన పిస్టన్‌తో ఒక అంగుళం లోపలికి తోసి, చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. పై రింగులకి 12 థౌకి తగ్గకూడదు. తగ్గితే వేడికి చివరలు ఒకదాన్నొకటి నెట్టుకుని రింగు విరుగుతుంది. సన్నటి ఆకురాయితో అరగదీసి సరిచేయొచ్చు. తర్వాత రింగుల సందులన్నీ ఒకే వరసలోకి రాకుండా తిప్పి, రాడ్డు బోల్టులకి రబ్బరు గొట్టం ముక్కలు తొడిగి (క్రాంక్ గీసుకోకుండా), ఆయిల్ పూసి, సుత్తి కర్ర పిడితో మెల్లగా తట్టండి. గట్టిగా ఆగితే కొట్టొద్దు, రింగు అంచుకి తగులుకున్నట్టు. పైకి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. పిస్టన్ మీద ముందువైపు అని గుర్తుంటుంది, అది రేడియేటర్ వైపు ఉండాలి.

క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు) కొత్తదైతే దాని మీద ఆనే టాపెట్లు కూడా కొత్తవే వేయాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు, పాత టాపెట్ కొత్త క్యామ్‌ని వారంలో తినేస్తుంది. టైమింగ్ చైన్ వేసేటప్పుడు రెండు పళ్ళచక్రాల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. టైమింగ్ కవర్ బోల్టులు వదులుగా ఉంచి, ముందు క్రాంక్ పుల్లీ దూర్చి, దాంతో ఆయిల్ సీలు నడిమికొచ్చాక బోల్టులు బిగించండి. వరస తిరగేస్తే ఆ సీలు కారుతూనే ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ లోపలికి వెళ్ళాక చేతికి అందదు. దాని తలలో 5/16 మరున్న పొడుగాటి బోల్టు బిగించి పిడిలా పట్టుకుంటే సులువు.

హెడ్ గాస్కెట్ మీద పైవైపు, ముందువైపు రాసే ఉంటుంది. నట్లు మధ్యలోంచి బయటికి, మూడు విడతల్లో 50 పౌండ్-అడుగుల దాకా. టాపెట్ సందు (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ) చల్లటి ఇంజిన్లో 15 థౌ. ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలనేదానికి తొమ్మిది లెక్క ఉంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి. ఇది నాకు ఆటోనగర్‌లోనే వచ్చు.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ కొట్టండి, డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా. నాకు మూడు విడతలు కొట్టినా ముల్లు కదల్లేదు, చెమటలు పట్టాయి. నాలుగోసారి లేచింది. పంపు బిగించేముందు దాంట్లో ఆయిల్ నింపుంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి, జింకు ఎక్కువున్నది. ప్లగ్గుల వరస 1-3-4-2. అంటుకున్న వెంటనే ఐడిల్‌లో వదలకూడదు. క్యామ్ సర్దుకునేదాకా 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైనే ఉంచాలి. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి. రంగు కాలే వాసన, కొంచెం పొగ వస్తాయి, అవి మామూలే. ప్రెషర్ పడిపోయినా, టకటకమని లోతైన శబ్దం వచ్చినా వెంటనే ఆపేయాలి.

చల్లారాక హెడ్ నట్ల టార్కూ, టాపెట్లూ మళ్ళీ చూసుకోవాలి. 300 మైళ్ళకి మొదటి ఆయిలూ ఫిల్టరూ మార్చేశాను. పాత ఫిల్టర్ కోసి చూస్తే సన్నటి బూడిదరంగు మెరుపు ఉంది కానీ చేతికి తగిలే ముక్కల్లేవు. ఇప్పుడు నాలుగు సిలిండర్లూ 165 దగ్గర ఉన్నాయి. గ్యారేజీ నేల మీద మాత్రం వెనక సీలు కింద ఒక అట్టముక్క పెట్టాను, దాని మీద రోజుకి రెండు చుక్కలు పడుతున్నాయి.